షావుకారు బతికొచ్చారు, కుర్చీ ఏది?

అనకాపల్లి జిల్లా అయిన మరుసటి ఏడు, ఎండాకాలం. ఊళ్ళోకి కొత్త ఆఫీసులు వచ్చాయి, అద్దెలు పెరిగాయి. మేడ ఉన్న ప్రతివాళ్ళూ కింది వాటా బాగుచేయించి అద్దెకివ్వడం మొదలుపెట్టారు. బాగుచేయించడంలో మొదటి పని, ఇంట్లో ఉన్న పాత సోఫాలూ కుర్చీలూ తెచ్చి రోడ్డు మీద, కాలవ పక్కన పెట్టడం. వాళ్ళకి అది చెత్త. నాకు అది సరుకు.

గవరపాలెంలో ఒక సందు చివర రేకుల షెడ్డు నాది. నేను చేసే పనిని అప్‌హోల్‌స్టరీ అంటారు. పేరు పెద్దది గాని పని తేలిగ్గానే అర్థమవుతుంది. పాత కుర్చీకి గుడ్డా, లోపలి పీచూ, దూదీ ఊడదీసి, చెక్క గట్టిదైతే దాన్ని ఉంచి, మిగతాదంతా కొత్తగా వెయ్యడం. చెక్క చట్రాన్ని ఫ్రేమ్ అంటాం. ఫ్రేమ్ బాగుంటే ఏ కుర్చీ అయినా మళ్ళీ నిలబడుతుంది. ఈ పని నా చేతికి వచ్చి పాతికేళ్ళు దాటింది. అక్షరాలు వచ్చి ఆరేళ్ళే. అందుకని నెమ్మదిగా రాస్తున్నాను, మీరూ నెమ్మదిగా చదవండి.

రోడ్డు మీద పెట్టిన వస్తువుల్లో మా ఊరివాళ్ళు ఎవరూ ముట్టనివి కొన్ని ఉంటాయి. ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ళు పడుకున్న మంచం, కూర్చున్న కుర్చీ, పరుపు బయట పడేస్తారు. వాటి పక్కనుంచి నడిచేవాళ్ళు కూడా రెండడుగులు ఎడంగా నడుస్తారు. నేను మాత్రం తెచ్చుకుంటాను. టేకు చెక్కకి సూతకం ఏమిటని నా వాదన. ఈ మాట అన్నందుకు మా ఇంటి చుట్టుపక్కల నాకు మంచి పేరేం లేదు.

ఒకరోజు మధ్యాహ్నం వరహాలు ఫోన్ చేశాడు. నన్ను అప్పా అంటాడు, మా వైపు అప్ప అంటే అక్క. వరహాలుకి ట్రాలీ ఆటో ఉంది. ఊళ్ళో ఏ గుమ్మం ముందు ఏ వస్తువు పడిందో మునిసిపాలిటీ వాళ్ళకంటే ముందు అతనికే తెలుస్తుంది.

“అప్పా, బెల్లం షావుకారు సన్యాసిరావు గారింటి ముందు కుర్చీ పడేసేరు. పెద్దది. టేకు. సేతులు సూడాల నువ్వు, ఏనుగు తొండాల్లాగున్నాయి.”

“పోయేడేటి ఆయన?”

“ఇంకా లేదట. ఇశాపట్నంలో డాక్టర్లు సేతులెత్తేసేరట. రేపో మాపో తీసుకొచ్చేత్తారని హాలు కాళీ సేత్తన్నారు.”

“ప్రాణం ఉండగానే పడేసేరా?”

“నన్నంటావేటి? నానేటి పడేసేనా? చెత్తబండోడు ఈ ఈదిలోకొచ్చేసేడు. కావాలంటే రా, లేదంటే ఊరుకో.”

మా వైపు ఎవరైనా పోతే హాల్లో నేల మీద పడుకోబెడతారు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి చోటు కావాలి. అందుకని ముందు హాలు ఖాళీ చేస్తారు. అయితే మనిషి పోయాక చేసే పని అది. ఎవరో పెద్దాయన పక్కనుండి తొందరపెట్టాడట. పైగా షావుకారు గారు ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే కిందికి ఒరిగిపోయారు. ఇక దాన్ని ఇంట్లో ఉంచనే కూడదన్నాడట.

నేను వెళ్ళాను. వెళ్ళి ఊరికే ఎత్తుకురాలేదు, గేటు దగ్గర నిలబడి కోడలు హైమావతిని పిలిచాను. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బిపోయాయి. “ఇది తీసుకెళ్ళమంటావా హైమమ్మా?” అని అడిగాను. ఆమె కుర్చీవైపు చూడకుండా, “తీసుకుపో. నా కళ్ళకి కనబడకూడదు” అంది. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

షెడ్డుకి తెచ్చి విప్పాను. ఇలా విప్పడాన్ని స్ట్రిప్పింగ్ అంటాం. ముదురాకుపచ్చ మకమల్ గుడ్డ, వెలిసి బూడిదరంగుకి తిరిగింది. కుడిచేతి కొన మీద అరచెయ్యంత నల్లటి జిడ్డు మరక. సీటు ఎడమవైపు బాగా కిందికి దిగిపోయి పెద్ద పల్లం పడింది. లోపల స్ప్రింగులు రెండు విరిగి పక్కకి వాలిపోయాయి, కొబ్బరిపీచు పొడైపోయింది. ఫ్రేమ్ మాత్రం నిన్న చేసినట్టుంది. పీచూ దూదీ గుడ్డా చెత్తబండిలో వేశాను.

బైపాస్ రోడ్డు వైపు రాణి అనే అమ్మాయి బ్యూటీపార్లర్ పెడుతోంది. పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చెయ్యడానికి మహారాణీ కుర్చీలాంటిది కావాలని నా వెంట పడుతోంది. ఈ ఫ్రేమ్ చూపించగానే ఎగిరి గంతేసింది. “గులాబీరంగు రెక్సిన్ వెయ్యి ఆంటీ, వీపు వెనక బొత్తాలు పెట్టు” అంది. బొత్తాలు లోపలికి లాగి కుట్టి, గుడ్డ మీద పలకలు పలకలుగా తేలేట్టు చెయ్యడాన్ని టఫ్టింగ్ అంటారు. చేతులు కాయలు కాసే పని. చేశాను. బెల్లం షావుకారు కుర్చీ పెళ్ళికూతురిలా తయారైంది.

ఆఖరి బొత్తం లాగి కడుతుంటే వరహాలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం అదోలా ఉంది.

“అప్పా, షావుకారు లేచి కూకున్నాడట.”

“ఏటీ?”

“కళ్ళు తెరిసి కాఫీ అడిగేడట. డాక్టర్లే ఇత్తుపోయేరట. ఆ తర్వాత ఏటడిగేడో తెలుసా? ఇంటికి తీసుకెళ్ళండి, నా కుర్చీలో కూకోవాల అన్నాడట.”

ఒక మనిషి బతికాడంటే సంతోషపడాలి. పడ్డాను కూడా. అయితే ఆ సంతోషం నాకు గులాబీరంగు కుర్చీవైపు చూసేంతవరకే ఉంది.

మర్నాడే కొడుకు శ్రీనూ, హైమావతీ వచ్చారు. శ్రీను నన్ను అంతకుముందు రోడ్డు మీద చూస్తే “ఏయ్ సోఫాలమ్మా” అని పిలిచేవాడు. ఆరోజు లోపలికి రాకముందే “నూకరత్నం పిన్నీ” అన్నాడు. పిన్నీ అన్నాడంటే వ్యవహారం బాగాలేదని అప్పుడే అర్థమైంది.

“పిన్నీ, మా నాన్న కుర్చీ ఏదీ?”

చూపించాను. శ్రీను చూశాడు. హైమావతి చూసింది.

“ఓలమ్మో” అంది హైమావతి.

“ఇది మా నాన్న కుర్చీయేటి? ఇదేటీ, సినిమా సెట్టింగా?” అన్నాడు శ్రీను.

“నువ్వు పడేసినప్పుడు ఇది మీ నాన్న కుర్చీ బాబూ. నేను తెచ్చేక నా కుర్చీ. ఇప్పుడు రాణి కుర్చీ. మీ ఆవిడే తీసుకుపొమ్మంది, అడుగు.”

శ్రీను అడగలేదు. బల్ల మీద కూలబడి, తల పట్టుకున్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి చెప్పాడు. “కుర్చీ కాలు వదులైందని రిపేరుకి ఇచ్చేం అని చెప్పేం పిన్నీ. ఆయన నమ్మేరు. ప్రాణం ఉండగానే కుర్చీ రోడ్డు మీద పడేసేం అని తెలిస్తే ఆయన గుండె తట్టుకోదు. తట్టుకున్నా, ఇంకెప్పుడైనా నా మొహం చూస్తారా? నా చేతి ముద్ద తింటారా? కొడుకు నా చావు కోసం చాప పరిచేడు అనుకోరా?”

అంత పెద్ద వ్యాపారస్తుడు నా షెడ్డులో రెక్సిన్ ముక్కల మధ్య కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే నేనేం చెయ్యను? సరే అన్నాను. ఆ సరే అన్న క్షణం నుంచీ నాకు పట్టిన శని ఇంతా అంతా కాదు.

ముందు రాణి. కుర్చీకి డబ్బు అప్పటికే ఇచ్చేసింది. సంగతి చెబితే మండిపడింది. “చచ్చినోళ్ళ కుర్చీ అని నాకు చెప్పలేదేటి ఆంటీ? పెళ్ళికూతుళ్ళని కూర్చోబెట్టేది!”

“చావలేదమ్మా. అదే కదా గొడవ.”

ఒక్క క్షణం ఆలోచించింది. “చావలేదా? చావబోయి బతికొచ్చేడా?”

“అవును. అందుకే తిరిగి...”

“అయితే అసలు వదులుకోను. యముడి దగ్గర్నుంచి లేచొచ్చిన మనిషి కుర్చీ అంటే ఎంత లక్కీ! నా పార్లర్‌కి అదే కావాలి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోతే వద్దు, బతికితే వదలదు! ఆమెకి ఎన్ని విధాల చెప్పినా వినలేదు. చివరికి శ్రీను తనే వెళ్ళాడు. లోపల ఆడవాళ్ళు కనుబొమలు దిద్దించుకుంటుంటే గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాట్లాడలేదు, కదల్లేదు. వచ్చినవాళ్ళంతా ఈయనెవరని అడుగుతుంటే రాణికే సిగ్గేసి, “మీ కుర్చీ మీరే తీసుకోండి బాబూ” అంది. ఆ గులాబీ రెక్సిన్‌ని ఊడదీసి ఇంకో కుర్చీకి వేసిచ్చాను. బొత్తాలు మళ్ళీ కుట్టాను. ఆ పనిని గురించి ఇక రాయను, తలుచుకుంటే ఇప్పటికీ వేళ్ళు నొప్పెడతాయి.

ఇక అసలు కుర్చీ. అచ్చం పాతదానిలా ఉండాలన్నారు. కొత్తగా చెయ్యమంటే చేస్తాను. పాతగా చెయ్యమంటే ఎలా చేస్తారు? ఆ ఆకుపచ్చ మకమల్ ఇప్పుడు దొరకదు. దగ్గరి రంగు తెచ్చి నాలుగు రోజులు డాబా మీద ఎండలో వేశాను. వెలిసింది, అయితే చారలు చారలుగా వెలిసింది. మళ్ళీ తిరగేసి వేశాను. హైమావతి రోజూ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఫోన్‌లో ఒక ఫోటో చూపించేది. మనవడి పుట్టినరోజునాడు తీసింది. షావుకారు గారు ఆ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన అడ్డంగా ఉండటంతో కుర్చీ సగం కూడా కనబడదు.

“ఆ పైపింగ్ ఇంత సన్నం కాదు పిన్నీ.” పైపింగ్ అంటే అంచు వెంట తాడు పెట్టి కుట్టే గుడ్డ.

“మీ మావగారు కనబడుతున్నారు గాని పైపింగ్ ఎక్కడ కనబడుతోంది ఇందులో?”

“నాకు గుర్తుంది. ఇంకొంచెం లావు.”

లావు చేశాను. ఆ మర్నాడు వచ్చి సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. “పల్లం లేదు.”

“స్ప్రింగులు కొత్తవి వేసేను కదమ్మా, పల్లం ఎందుకుంటుంది?”

“ఆయన ఎడమపక్కకి ఒరిగి కూర్చుంటారు. అక్కడ పల్లం ఉండేది. ఎన్నేళ్ళు కూర్చుంటే పడిన పల్లం అది! అది లేకపోతే కూర్చోగానే తెలిసిపోతుంది, ఇది నాది కాదని.”

“మనిషి కూర్చుంటే పడే పల్లాన్ని నన్ను కుట్టమంటావా?”

“నువ్వైతే చెయ్యగలవు పిన్నీ.”

ఈ పొగడ్త ఒకటి. ఫోమ్‌లో డెన్సిటీ అని ఉంటుంది. ఎక్కువ డెన్సిటీ అంటే గట్టిది, తక్కువంటే కూర్చోగానే దిగిపోయేది. ఎవరైనా మెత్తటిది గట్టిదాని మీద వేస్తారు. నేను కుడివైపు గట్టిది, ఎడమవైపు పనికిరాని మెత్తటిది పక్కపక్కన పెట్టి అతికించాను. మంచి స్ప్రింగుల్ని నా చేత్తో నేనే ఎడమవైపు బిగించి కిందికి కట్టాను. ఇన్నేళ్ళలో కుర్చీని కావాలని పాడుచెయ్యడం అదే మొదలు. కడుతున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాను. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసేవాళ్ళు నాకేదైనా సోకిందేమో అనుకున్నారు.

అంతటితో అయిందా? శ్రీను వచ్చి కుడిచేతి మీద మరక లేదన్నాడు. నాకు ఇక ఓపిక లేదు. “మరక నువ్వే పెట్టుకో బాబూ” అన్నాను. నిజంగానే పెట్టాడు. కొబ్బరినూనెలో నల్ల బూట్‌పాలిష్ కలిపి, గుడ్డతో రుద్ది, దూరంగా వెళ్ళి చూసి, మళ్ళీ వచ్చి రుద్దాడు. బడిలో బొమ్మ వేసుకునే పిల్లాడిలా నాలిక బయటపెట్టి మరీ రుద్దాడు.

షావుకారు గారిని ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకి కుర్చీ పట్టుకెళ్ళాం. వరహాలూ నేనూ మోసుకొచ్చి హాల్లో పెట్టాం. ఆయన బాగా చిక్కిపోయారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మా రాక చూస్తున్నారు. శ్రీను చెయ్యి అందిస్తే లేచి, నాలుగడుగులు నడిచి, కుర్చీ వీపు తడిమారు. చేతులు తడిమారు. మరక మీద బొటనవేలు ఆనించి రుద్ది, వేలు వైపు చూసుకున్నారు. తర్వాత మెల్లగా కూర్చున్నారు.

హైమావతి పమిట కొంగు నోట్లో పెట్టుకుంది.

“బాగుంది. హైమా, టీ పెట్టమ్మా. శ్రీనూ, వరహాలుకి చెరుకురసం ఇప్పించరా, చెమటలు కక్కుతున్నాడు” అన్నారు.

వాళ్ళు కదిలాక నన్ను దగ్గరికి పిలిచారు.

“నువ్వు నూకరత్నానివి కదే? మీ నాన్న మా కొట్లో బెల్లం దిమ్మలు మోసేవోడు.”

“అవునండి షావుకారు గారూ.”

“దీన్ని ఎక్కడ్నుంచి తీసికెళ్ళేవు? లోపల్నించా, రోడ్డు మీంచా?”

నేను నేల చూపులు చూశాను.

“సెప్పకులే. ఇంటికొచ్చిన రోజే తెలిసింది నాకు. టీవీ బల్ల ఈ గోడకుండేది, ఆ గోడకెళ్ళింది. పటాలన్నీ వరస మారిపోయేయి. పోయినోడిని పడుకోబెట్టడానికి గాక, హాలంతా ఒకేసారి ఎందుకు కాళీ సేత్తారే? టీవీ కూడా రిపేరుకిచ్చేరేటి?”

నేను ఆ పటాల వైపు చూశాను.

“మా నాన్న ఇక లేవడని డాక్టరు సెప్పిన రోజున నానూ ఇదే హాలు కాళీ సేయించేను. ఆయన పడక్కుర్చీ నా సేతుల్తోనే బయట పడేసేను. ఆయన లేవలేదు గనక నన్నెవరూ అడగలేదు. నాను లేచేను. శ్రీను సేసిన తప్పేటన్నా ఉంటే అదొక్కటే.”

లోపల టీ గ్లాసుల చప్పుడవుతోంది. ఆయన గొంతు తగ్గించారు. “నాకు తెలుసని వాడికి తెలీకూడదు. తెలిసిందంటే రోజూ నా ఎదురుగా తల దించుకుని తిరుగుతాడు. ఆ మొహం నాను సూడలేను. ఇంక ఎన్నాళ్ళుంటానో, ఆ నాలుగు రోజులూ వాడు నాతో దెబ్బలాడాల. అర్థమైందా?”

“అయిందండి.”

“సరే. ఇప్పుడిది సెప్పు. ఈ నలుపేటి?”

“బూట్‌పాలిష్ అండి. శ్రీనుబాబు రాసేరు.”

“నా సెయ్యి అంత నల్లగుంటాదేటే!” అని నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గాక ఎడమ తుంటి కింద చెయ్యి పెట్టుకుని మొహం చిట్లించారు. “ఈ పల్లం ఎందుకుంచేవే? దీంతోనే కదా నా నడుం విరిగిపోతంది! స్ప్రింగు పోయింది, బాగుసేయించండర్రా అని ఎన్నేళ్ళు మొత్తుకున్నాను! ఒక్కడూ ఇనలేదు. ఒరిగి కూకోడం నాకేటన్నా సరదా అనుకున్నారా? కుర్చీ పడేత్తంటే నాను ఒరిగేను.”

నా చేతిలో సుత్తి ఉంటే ఏం చేసేదాన్నో. ఆ పల్లం కోసం నేను మంచి స్ప్రింగులు చంపాను. ఆయన ఇష్టం ఇది, ఆయన అలవాటు ఇది అని ఇద్దరు నా ప్రాణం తోడేశారు. ఆయన్ని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగడానికి భయం. అడిగితే దొరికిపోతారు.

టీ వచ్చింది. గ్లాసు అందుకుని, షావుకారు గారు ఒక్కసారి గొంతు పెంచారు. “శ్రీనూ! ఏటిరా ఈ రిపేరు? సీటు అలాగే ఏడిసింది. డబ్బులిచ్చేవు సరే, పని సూసుకోవద్దా? కొట్లో కూడా ఇలాగే సేత్తన్నావేటి?”

“నాన్నా, మీకు అలాగే ఇష్టమని...”

“ఇష్టమా? నడుం నొప్పి ఎవడికన్నా ఇష్టముంటాదిరా బుద్ధి లేనోడా! పట్టుకెళ్ళు. మళ్ళీ సేయించు.”

ఆ తిట్లు తింటుంటే శ్రీను మొహం చూడాలి. ఆసుపత్రి గొడవ మొదలైన దగ్గర్నుంచీ ఆ మనిషి మొహంలో రక్తం లేదు. ఇప్పుడు వచ్చింది. “మీరు సరిగ్గా చెబితే కదా, గొణుగుతారు, ఎవరికి వినబడుతుంది?” అని ఎదురు తిరిగాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే హైమావతి కొంగు నోట్లోంచి తీసి, కళ్ళు ఒత్తుకుంది. శ్రీను వరహాలుని కూడా పిలవకుండా తనే ఆ కుర్చీని ఎత్తుకుని ట్రాలీలో పెట్టాడు.

ఈసారి షావుకారు గారు కూడా షెడ్డుకి వచ్చారు. ఫోమ్ ముక్కలు ఒక్కొక్కటే నొక్కి చూశారు, బెల్లం దిమ్మ కొనేటప్పుడు చూసినట్టు. ఎత్తు తక్కువన్నారు, వీపు వాలు ఎక్కువన్నారు. ఆ గుడ్డ చారలేమిటని అడిగి నన్ను కూడా తిట్టారు. అదంతా పడ్డాను. అది ఆయన కుర్చీ, ఆయన తిట్టొచ్చు. సీటు సమంగా కుదిరాక నిటారుగా కూర్చుని, కాళ్ళు చాపి, “ఇప్పుడు బాగుంది. ఇందులోంచి నన్నెవరు లేపుతారో సూత్తాను” అన్నారు.

అప్పట్నుంచీ నా పనిలో ఒక్కటి మార్చుకున్నాను. మా అమ్మకి ఇలాగే ఇష్టం, మా తాతకి అలాగే అలవాటు అని ఎవరైనా పాత కుర్చీ పట్టుకొస్తే, కూర్చునే మనిషిని తీసుకురమ్మంటాను. విసుక్కుంటారు, బేరం పోతుంది, పోనీ. నడవలేని మనిషైతే నేనే వాళ్ళింటికి వెళ్ళి, కూర్చోబెట్టి, ఎక్కడ నొప్పెడుతోందని అడుగుతాను. పక్కనున్నవాళ్ళు చెప్పింది విని మాత్రం గుడ్డ కొయ్యను.